వెనక పిలుపు

అరుణమ్మ ఈమధ్య ఎవరికీ ఎదురు రావడం లేదు.

ఎల్బీ నగర్‌లో వాళ్ళ గల్లీకి ఇది చిన్న సంగతేమీ కాదు. కింద అరుణమ్మ వాళ్ళుంటారు, పై అంతస్తుల్లో దిల్‌సుఖ్‌నగర్ కోచింగులకు పోయే పిల్లలు కిరాయికి ఉంటారు. గ్రూప్స్ పరీక్ష కానీ, పోలీసు సెలక్షన్ కానీ, పొద్దున్నే హాల్ టికెట్ జేబులో పెట్టుకుని మెట్ల మీద నిలబడి "అమ్మా, జర ఎదురు రావా" అని కేకేసేవాళ్ళు. ఆమె నిండుగా బొట్టు పెట్టుకుని, చేతిలో నీళ్ళ చెంబుతో గేటు లోంచి నవ్వుతూ వస్తేనే అడుగు బయటపెట్టేవాళ్ళు. పాసైతే అరుణమ్మ ఎదురొచ్చిన పుణ్యం, ఫెయిలైతే దారిలో పిల్లి అడ్డమొచ్చిన పాపం. ఇంత నష్టం లేని పేరు లోకంలో ఇంకెవరికైనా ఉంటుందా?

ఇప్పుడు పైన చెప్పుల చప్పుడైతే చాలు, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుంటుంది. పిల్లలు కూడా అడగడం మానేశారు. ముందు గదిలో మంచం మీద ఆమె కూతురు ప్రవీణ పడుకుని ఉంటుంది. ఆ మంచాన్ని దాటుకుని వచ్చే మనిషి ఎదురైతే ఏం మంచి జరుగుతుందని వాళ్ళు మాత్రం అడుగుతారు?

అరుణమ్మ మొదటినుంచీ శకునాల మనిషే. ఎవరైనా తుమ్మితే కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించేది. ఎక్కడికని అడగనిచ్చేది కాదు. అన్నిటికీ మించిన దోషం ఆమె లెక్కలో వెనకనుంచి పిలవడం. గడప దాటిన మనిషిని వెనక పిలిస్తే ఆ పని ఇక తెల్లారినట్టే. ఒకసారి భర్త అంతయ్య ఏదో ప్లాటు రిజిస్ట్రేషన్‌కని బయల్దేరి కళ్ళజోడు మర్చిపోయాడు. అదిగో, అని ఒక్క కేక వేస్తే పోయేదానికి, ఈమె కొంగు బిగించి వెనక సందులోంచి పరుగెత్తి, మలుపు తిరిగి, అతనికి ఎదురుగా రొప్పుకుంటూ వచ్చి కళ్ళజోడు చేతికిచ్చింది. గల్లీ అంతా నవ్వింది. ప్లాటు రిజిస్టరయింది కాబట్టి ఆమే గెలిచినట్టు.

అలాంటి ఇంట్లో పిల్ల, ఇంటర్ చదువుతూ, బరువులెత్తుతానంది. అంతయ్య తాతముత్తాతలు ఈ ఎల్బీ నగర్ నేల మీదే నాగళ్ళు మోసినవాళ్ళు గనక, ఎముక పుష్టికి లోటు లేదని ఆయన మురిసిపోయి ఒప్పుకున్నాడు. అరుణమ్మ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే కూతురి వెంట రోజూ వెళ్ళి కాపలా కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపు కింద సెల్లార్‌లో ఉండేది బాపిరాజు సెంటరు. భీమవరం వైపు మనిషి. ఒకప్పుడు తనూ లిఫ్టరే. కండలు పొంగించుకుని ఫొటోలు దిగే జిమ్ము కాదది. అక్కడ అద్దమే లేదు. ఎందుకు లేదని ఎవరో అడిగితే, "అద్దంలో చూసుకుంటే మెడ పక్కకి పోద్దండీ. చూడ్డానికి నేనున్నాగా" అన్నాడు.

చేరినవాళ్ళ చేతికి మొదట ఇనుము ఇచ్చేవాడు కాదు, ప్లాస్టిక్ నీళ్ళ పైపు ఇచ్చేవాడు. దాన్నే నేల మీదనుంచి ఎత్తాలి, దింపాలి, మళ్ళీ ఎత్తాలి. నెలలు గడిచినా పైపే. చేరినవాళ్ళలో సగం మంది విసుగెత్తి, రోడ్డవతల అద్దాలూ పాటలూ ఉన్న జిమ్ముకు పారిపోయేవారు. "గీ పైపు ఎత్తనీకి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎందుకే? మన బాత్రూముల లేదా పైపు?" అని అరుణమ్మ కూడా ఎకసెక్కాలాడింది.

బాపిరాజు ఏమీ అనుకోలేదు. "బరువు గాడిద కూడా మోసుద్దమ్మా. ఎలా ఎత్తామన్నదే మన విద్య. ఎత్తాల్సింది కాళ్ళు. నడుం ఎత్తకూడదు, నిలబడాలంతే. నడుం వంగిందా, ఆ ఎత్తడం గెలిచినా నా లెక్కలో ఓడినట్టే" అనేవాడు. ప్రవీణ నడుం వేలెడు వంగితే సెల్లార్ ఆ చివరినుంచి "ప్రవీణా!" అని ఒక్క అరుపు. చేతిలోని బార్ కడ్డీ దించాల్సిందే. మళ్ళీ మొదటికే.

అరుణమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా చూసేది. చూడగా చూడగా ఆమెకూ ఆ కన్ను అబ్బింది. తుంటి ముందు లేచిందా, ఛాతీ ముందు లేచిందా అన్నది బాపిరాజు అరవకముందే పట్టేసేది. కూతురు ఇనుప బార్ పట్టే నాటికి, ఆ పిల్ల వెన్ను బల్ల చెక్కలా నిటారుగా నిలిస్తే ఆమెకు కడుపు నిండిపోయేది. బయట ఎవరైనా "ఆడపిల్లకు బరువులేంది" అంటే, "నువ్వు నీళ్ళ బకెట్ ఎత్తేది ఒకపారి చూసుకో, ఆనక మాట్లాడు" అని కసిరేది కూడా.

కరీంనగర్‌లో ఒక పోటీ జరిగింది. ప్రవీణ ప్లాట్‌ఫారం ఎక్కుతుంటే నడుముకు కట్టుకున్న బెల్టు వదులుగా కనిపించి బాపిరాజు వెనకనుంచి "ప్రవీణా, బెల్టు!" అని అరిచాడు. ఆమె వెనక్కి తిరిగింది, బెల్టు బిగించుకుంది, పోయి ఎత్తింది, పడేసింది. తొందరపడి చేతులతో లాగింది కాబట్టి పోయిందని బాపిరాజు చెప్పాడు. ఎవరు వింటారు? తిరుగు బస్సులో జూబ్లీ బస్‌స్టాండ్ వచ్చేదాకా అరుణమ్మ అతన్ని దులిపి ఆరేసింది. చివరికి అతను నవ్వుతూ చేతులు జోడించాడు. "ఇక ఆ పిల్ల మెట్టెక్కాక నేను వెనకనుంచి నోరెత్తితే ఒట్టండీ." నవ్వాడే కానీ, అతనూ గోదావరి జిల్లాలో తుమ్ములకూ పిల్లులకూ ఆగుతూ పెరిగినవాడే. ఆ మాట లోపలెక్కడో నాటుకుంది. తర్వాతి పోటీల్లో ప్రవీణ వరసగా గెలిచింది. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ పండు పడింది కాకి వల్లేనని అరుణమ్మ నమ్మింది.

మొన్నటి వేసవి చివర్లో రాష్ట్ర జట్టు సెలక్షన్లు వచ్చాయి. జూనియర్ల వయసు ప్రవీణకు ఆ ఏటితో అయిపోతుంది. అందులో పేరు వస్తే నేషనల్స్, లేకపోతే ఇన్నేళ్ళ పైపూ ఇనుమూ ఏట్లో పోసినట్టే. అప్పుడే ఒక పొద్దున అరుణమ్మ చూసింది: కూతురు మంచం మీదనుంచి నేరుగా లేవడం లేదు, పక్కకు దొర్లి, మోచేతి మీద ఆనుకుని లేస్తోంది.

"ఏందే గది?"

"ఏం లేదమ్మా, నడుం పట్టింది. సార్‌కు చెప్పకు. చెప్తే పేరు తీసేస్తడు."

అరుణమ్మ చెప్పలేదు. ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది, బామ్ రాసింది. రాస్తుంటే నడుం కింద ఒక చోట పిల్ల ఊపిరి బిగబట్టడం ఆమె వేళ్ళకు తెలిసింది. దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది. నొప్పికి నోరు కట్టేసి దేవుడికి మొక్కితే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

సెలక్షన్లు సరూర్‌నగర్ స్టేడియంలో. ఇంటి దగ్గర అరుణమ్మ ఎదురు వచ్చే పంపింది, తర్వాత ఆటోలో తనూ వెనకే వెళ్ళింది. రెండో విడత, అంటే బార్‌ను నేల మీదనుంచి భుజాలకు, భుజాల మీదనుంచి తల పైకి ఎత్తే విడత. మూడు ప్రయత్నాల్లో రెండోది ప్రవీణ గెలిచింది, జడ్జీల తెల్ల లైట్లు వెలిగాయి, జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఇద్దరే చప్పట్లు కొట్టలేదు. బార్ మోకాళ్ళ దగ్గరకు వచ్చేసరికి పిల్ల నడుం విల్లులా వంగడం బాపిరాజు చూశాడు. అరుణమ్మా చూసింది.

ప్రవీణ పక్కకు రాగానే బాపిరాజు అన్నాడు. "చాలమ్మా. ఇక్కడితో ఆపుదాం. నడుం పోతోంది."

"లే సార్, కాలు జరిగింది గంతే. ఇంకొక్కటి ఎత్తితే ముందున్న ఖమ్మం పిల్లను దాటిపోత. ఒక్కటే సార్."

అతను అరుణమ్మ వైపు తిరిగాడు. "ఇంటి దగ్గర ఏమన్నా నొప్పి అందా అండీ? నిజం చెప్పండి."

ప్రవీణ తల్లి కళ్ళలోకి చూసింది. కొంగు పట్టుకుని బతిమాలినా అలా ఉండదు.

"లేదు సార్" అంది అరుణమ్మ.

పేరు పిలిచారు. ప్రవీణ అరచేతులకు తెల్ల పొడి రాసుకుని నడిచింది. ప్లాట్‌ఫారం మెట్టెక్కి, బార్‌కు కొంచెం ఇవతల ఆగి, బూటు పట్టీ బిగించుకోవడానికి వంగింది. లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. అంతే. చూసేవాళ్ళకు అందులో ఏమీ లేదు. కానీ అన్నేసి కిలోలు తల పైకెత్తే పిల్ల తన ఒంటిని తాను లేపుకోవడానికి మోకాలి సాయం అడిగిందంటే ఏమిటో బాపిరాజుకు తెలుసు. ఒక అడుగు ముందుకేశాడు. "ప్ర..." అన్నాడు.

అరుణమ్మ అతని మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. "సార్! ఎనక నుంచి పిలువకుండ్రి! ఒట్టేసిన్రు గదా!"

బాపిరాజు ఆమె మొహం చూశాడు, ప్లాట్‌ఫారం చూశాడు. చెయ్యి విదిలించుకోవచ్చు. కుస్తీ పట్టేంత బలమేమీ కాదు అరుణమ్మది. అయినా ఆగిపోయాడు. ఇంత నమ్మకంగా చెబుతున్న తల్లి మాట ముందు, చిన్నప్పటినుంచీ చెవిలో పడ్డ మాట ముందు, తన కన్ను చూసింది అతనికి ఒక్క క్షణం చిన్నదైపోయింది. ఆ క్షణంలోనే ప్రవీణ బార్ మీదికి వంగింది.

తుంటి ముందు లేచింది. నడుం గుండ్రంగా వంగిపోయింది. బార్ మోకాళ్ళు దాటింది, ఇంకొంచెం లేచింది, ధడేల్మని పడింది. ప్రవీణ దాని వెనక కూలబడింది. ఏడవలేదు, అరవలేదు. లేవబోయింది, మళ్ళీ లేవబోయింది. అరుణమ్మ పరుగెత్తి పోయి ఒళ్ళోకి తీసుకుంటే, ఆశ్చర్యంగా ఆమెనే అడిగింది. "అమ్మా, కాళ్ళు తెలుస్తలేవేందే?"

మలక్‌పేట వైపు ఒక దవాఖానలో ఆ రోజే ఆపరేషన్ చేశారు. డిస్కు జారి నరాల మీద కూర్చుందన్నారు. కుడి కాలు మెల్లగా దారికొచ్చింది. ఎడమ పాదం రాలేదు. పైకి లేవమంటే లేవదు, తడిసిన గుడ్డలా వేలాడుతుంది. ఒంటేలు కూడా తెలియకుండా పోయేది మొదట్లో. కూతురికి ఇరవయ్యేళ్ళు నిండుతుంటే అరుణమ్మ మళ్ళీ పక్క గుడ్డలు మార్చింది. "నరం కదమ్మా. వస్తే వస్తుంది, రాకపోతే రాదు. రోజూ వ్యాయామం చేయించండి" అన్నాడు డాక్టరు. బరువుల సంగతి అడిగితే ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చిన వారంలో అంతయ్య దిల్‌సుఖ్‌నగర్ సెల్లార్‌కు పోయాడు. అరుణమ్మ వెంట ఉంది. "నా బిడ్డ నడుం వంగుతుంటే బొమ్మ లెక్క చూసుకుంట నిలబడ్డవ్! ఏం నేర్పినవ్ ఇన్నేండ్లు? పైపులా?" అని అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాడు. బాపిరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కసారి కూడా అరుణమ్మ వైపు చూడలేదు. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ ఏడుస్తోందనుకున్నారు. ఆ మాట గల్లీలు తిరిగింది. తల్లిదండ్రులు ఆడపిల్లలను మాన్పించారు. సెల్లార్ షటర్ సగానికి దిగింది.

ఇంట్లో ప్రవీణ వాకర్ ముట్టదు. వ్యాయామం చేయించే అమ్మాయి వస్తే కళ్ళు మూసుకుంటుంది. ఆమెను తింటున్నది కాలు కాదు.

"సార్ చూసే ఉంటడమ్మా. ఆయనకు కనిపియ్యకుంట ఉండదు. అద్దం ఎందుకు, నేనున్న అన్నడు. వేలెడు వంగితే అరిసేటోడు. ఆ దినం ఎందుకు పిలువలే? నేను గెలుస్తే తనకు పేరొస్తదనే గదా." ప్రతి రోజూ ఇదే మాట. "గాయన్నే నమ్మి ఇట్లయితే, ఇప్పుడు ఈ పిల్ల కాలు లేపు, కాలు దింపు అంటే ఎట్ల నమ్మాలె?"

"ఆయన చూసిండో లేదో బిడ్డా, మనకేం ఎరుక" అనేది అరుణమ్మ. అని వంటింట్లోకి పోయేది. ప్రతిసారీ ఆ మాట కూతురి కాలి మీద ఇంకో రాయి పెట్టినట్టే ఉండేది. చెబితే పిల్ల బాపిరాజును మళ్ళీ నమ్ముతుంది, వాకర్ పట్టుకుంటుంది, కానీ తల్లి మొహం చూడదు. చెప్పకపోతే మంచానికే అతుక్కుపోతుంది. కళ్ళజోడు కోసం సందులోంచి పరుగెత్తిన కాళ్ళు ఆ రోజు ఎందుకు కదల్లేదు? ఎదురుగా పోయి నిలబడి ఆపితే ఏ శకునం అడ్డం? ఇలా తనను తాను పొడుచుకున్నప్పుడల్లా ఒక్క మాట మాత్రం ఆమెను కాస్త నిలబెట్టేది. ఆ పిల్ల మొండిది. ఎవరు పిలిచినా ఆగేది కాదు. నేను చెయ్యి పట్టుకున్నా, పట్టుకోకపోయినా పోయి ఎత్తేదే. ఆ మాటను రోజుకు వందసార్లు అనుకుని, దాన్ని పట్టుకునే అన్నం తినేది, పడుకునేది.

ఒక మధ్యాహ్నం బాపిరాజు వచ్చాడు. అంతయ్య ఇంట్లో లేడు. బత్తాయిల సంచి బల్ల మీద పెట్టి మంచానికి దూరంగా కుర్చీ అంచున కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. ప్రవీణ గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎలా ఉన్నావమ్మా?"

ప్రవీణ గోడతోనే అన్నట్టు అడిగింది. "ఒక్కటే అడుగుత సార్. చూసిన్రా, లేదా?"

"చూశానమ్మా."

"ఏం చూసిన్రు?"

"పట్టీ బిగించుకుని లేస్తూ మోకాలి మీద చెయ్యి వేశావు. అప్పుడే తెలిసిపోయింది."

ప్రవీణ నొప్పిని ఓర్చుకుంటూ ఇటు తిరిగింది. "తెలిసి గూడ పిలువలే."

"పిలవలేదు. తప్పు నాదే."

"ఎందుకు సార్?"

బాపిరాజు నేల చూపులు చూశాడు. అరుణమ్మ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. అతను పొరపాటున కూడా ఆమె వైపు కన్నెత్తలేదు. "నోరు రాలేదమ్మా" అన్నాడు.

ప్రవీణ నవ్వింది. "పొండ్రి సార్. ఇంకోసారి రాకుండ్రి."

అతను లేచాడు. చెప్పులేసుకుని గడప దాటాడు.

"సార్, ఆగుండ్రి!" అని అరిచింది అరుణమ్మ.

చేతిలో గ్లాసు ఒరిగి టీ కాళ్ళ మీద ఒలికింది. ఆమెకు అది తెలియలేదు. బాపిరాజు గడప అవతలే వెనక్కి తిరిగి, వద్దన్నట్టు తల ఆడించాడు. ఆమె చూడలేదు. కూతుర్నే చూస్తోంది.

"సార్ పిలువబోయిండు బిడ్డా. నీ పేరు సగం పలికిండు గూడ. నేనే చెయ్యి పట్టి ఆపిన. ఎనక నుంచి పిలిస్తే నీకు మంచిగ కాదని ఆపిన. నీకు నొప్పుందని తెలిసి గూడ లేదని చెప్పిన. ఆయనది ఏం తప్పు లేదు. అంత నాదే."

ప్రవీణ కన్నార్పకుండా చూస్తోంది. అరిస్తే బాగుండును, గ్లాసు తీసి కొడితే బాగుండును. అరుణమ్మ మంచం పక్కన కింద కూలబడి, కూతురి ఎడమ పాదం రెండు చేతులతో పట్టుకుంది. ఆ పాదానికి పట్టుకున్నట్టు కూడా తెలియదు. అన్నాళ్ళూ తనను నిలబెట్టిన ఆ ఒక్క మాటనూ బయటికి తీసి, భిక్షం అడిగినట్టు అడిగింది.

"సార్ పిలిచినా నువ్వు ఆగకపోతుంటివి గదా? గంత మొండిదానివి. పిలిచినా పోయి ఎత్తుతుంటివి గదా బిడ్డా?"

ప్రవీణ గుమ్మం అవతల నిలబడ్డ బాపిరాజును చూసింది. తర్వాత తల్లిని చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"పిలిస్తే ఆగుతుంటినమ్మా. నడుం నాకు తెలుస్తనే ఉండె. వద్దని నా నోటితోని చెప్పుకోలేకపోయిన. గా బూటు పట్టీ ఊడనే లేదు. ఎవరన్న పిలుస్తరేమోననే ఆడ ఆగి వంగిన."